గుమ్మం దాటని మూట

రాత్రి పది దాటింది. రెండు వందల రికార్డుల ఎక్స్‌ఎంఎల్ పంపితే అవతలి సర్వర్ తిప్పికొడుతోంది. తెర మీద ఒకటే మాట: 400, బ్యాడ్ రిక్వెస్ట్. తప్పు పంపావంటుంది కానీ, తప్పేమిటో చెప్పదు. పగలు టెస్టింగులో సరిగ్గా రెండు వందలే చక్కగా వెళ్లాయి మరి!

ఇలాంటప్పుడు నేను ముందుగా సెట్టింగుల జోలికి పోను. డేటాను సగానికి విరుస్తాను. మొదటి వంద పంపాను, వెళ్లాయి. మిగతా వందా వెళ్లాయి. అంటే ఏ రికార్డులోనూ దోషం లేదు. రెండూ కలిస్తేనే ఆగుతోందంటే గొడవ బరువుదే.

పగలు లేని బరువు రాత్రికి ఎక్కడిది? ఫైలు తెరిచి చూస్తే తెలిసింది. టెస్టింగులో పేర్లూ చిరునామాలూ ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టాం. అసలు డేటా తెలుగులో ఉంది. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి మూడు, దాని గుణింతపు గుర్తుకు మరో మూడు. ‘రాము’ అంటే ర, దీర్ఘం, మ, కొమ్ము: పన్నెండు బైట్లు. ఇంగ్లిష్‌లో రాస్తే నాలుగే. మేం వాడే మైక్రోసాఫ్ట్ ఫ్రేమ్‌వర్క్ డబ్ల్యూసీఎఫ్‌లో, ఎవరూ మార్చకపోతే, ఒక సందేశం 65,536 బైట్లు దాటకూడదు. మన పేర్లు ఆ గీత దాటాయి. తెలుగు లేని టెస్ట్ డేటాను ఆ రాత్రి నుంచీ నేను నమ్మను.

పక్కనున్న కుర్రాడు, “అన్నా, హద్దులన్నిటికీ 2147483647 పెట్టేద్దాం” అన్నాడు. అంటే హద్దు లేనట్టే. చాలామంది చేసే పనే. నేను ఒప్పుకోలేదు. ఎక్స్‌ఎంఎల్ మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి చదివితే ఫైలుకి ఎన్నో రెట్లు చోటు తింటుంది. హద్దు తీసేస్తే ఎవరో పంపిన ఒక్క పెద్ద మూట సర్వర్ మొత్తాన్నీ కూలదోయగలదు. పైగా దారిలో ఉన్నది ఒక్క గుమ్మం కాదు. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే, ఎవరూ మార్చకపోతే 1 ఎంబీ దగ్గరే 413, అంటే మూట మరీ పెద్దది, అని ఆపేస్తుంది. అప్పుడు మన అప్లికేషన్ లాగ్‌లో ఒక్క లైను కూడా పడదు. లాగ్ ఖాళీగా ఉందంటే వెతకాల్సింది మన కోడ్‌లో కాదు, దానికి ముందున్న చోట. డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్‌లోని ఏఎస్‌పీ డాట్ నెట్‌కి మామూలు హద్దు 4 ఎంబీ. ఇక ఎక్స్‌ఎంఎల్‌లో స్కాన్ చేసిన కాగితాలను బేస్64గా మార్చి కలిపితే బరువు ఇంకా పెరుగుతుంది, మూడు బైట్లు నాలుగవుతాయి. వాటిని విడిగా పంపడానికి 2005 నుంచీ ఎంటామ్ ప్రమాణం ఉన్నా, వాడేవాళ్లు నాకు తక్కువే కనిపించారు.

చివరికి, పరీక్షకు సగాలుగా పంపినవాటిని అవతల చెరిపించి, యాభయ్యేసి రికార్డుల మూటలు కట్టాం. ప్రతి మూటకూ ఒక నంబరు వేశాం. టైమవుట్ అయితే అవతల చేరిందో లేదో మనకు తెలియదు. మళ్లీ పంపినప్పుడు అదే నంబరు కనిపిస్తే సర్వర్ రెండోసారి రాసుకోకూడదు. మూడో మూట నిజంగానే టైమవుట్ అయింది. మళ్లీ పంపాం. అంతా అయ్యాక అవతల ఎన్ని చేరాయో లెక్క తీయించాను. రెండు వందలు.