ఏడుపుకు పర్మిషన్

కౌన్సెలింగ్ క్లాసులో మాకు మొదట నేర్పింది గది సర్దడం. రెండు కుర్చీలు, మూసిన తలుపు. కరీంనగర్‌లో ఆ గది బాగానే పనికొస్తుంది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో మాత్రం దుఃఖం తలుపు మూసుకుని చేసుకునే పని కాదు. అక్కడ దానికి పనిమంతులున్నారు. కర్మ నడిపేందుకు కటోడా, తగువు తెంపేందుకు పటేల్, ఊళ్ల పైన పెద్ద పంచాయితీ అయిన రాయి సెంటర్‌లో సార్మేడి, కిక్రీ వాయిద్యం మీద వంశం కథ పాడేందుకు ప్రధాన్.

కేస్లాపూర్ నాగోబా జాతరే చూడండి. పుష్య అమావాస్యకు ముందు గోండుల్లోని మెస్రం వంశస్థులు గోదావరిలోని హస్తినమడుగు దాకా నడిచిపోయి, ఝరి అనే పాత్రలో గంగాజలం తెచ్చి మర్రిచెట్ల కింద దిగుతారు. వంశంలో పోయినవాళ్ల పేరున అక్కడే తూం పూజలు చేస్తారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చుట్టాలందరి నడుమ. మహాపూజ అయినంక కొత్త కోడళ్లకు భేటింగ్. తెల్లచీర ముసుగేసుకున్న వాళ్లను పెద్దవాళ్లు దేవుడికి పరిచయం చేస్తారు. పోయినవాళ్ల లెక్క, వచ్చినవాళ్ల లెక్క ఒక్కచోటే. ఇంత పకడ్బందీ ఏర్పాటు నేను చదివిన ఏ మాన్యువల్‌లోనూ లేదు.

మరి ఏడ్వనివ్వని చావుల సంగతేమిటి? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూముల కోసం కూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది, జనం లెక్క అంతకు చాలా ఎక్కువ. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ తేదీ వస్తే చాలు, 144 సెక్షన్, చనిపోయినవాళ్ల గుర్తుగా కట్టిన స్తూపం దారిలో పోలీసులు. ఆ స్తూపాన్నీ 1986లో పేల్చేస్తే మళ్లీ కట్టాల్సి వచ్చింది. నలుగురిలో ఏడ్చి తేలికపడే జనానికి నలుగురు కూడడమే నేరమైపోయింది. ట్రామా అంటూ అక్కడికి పోయే సోషల్ వర్కర్ ప్రశ్నల కాగితం తీసేముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. జీపు దిగి ఫైలు తెరిచే మనిషిని చూసినా భయపడే ఇళ్లున్నాయి. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. ఆరోగ్యశాఖ ఖాతాలో రాయరు గానీ, నా లెక్కన అదీ వైద్యమే.

పూజలతో అన్నీ నయమవుతాయని కాదు. తీవ్రమైన మానసిక జబ్బుకు డాక్టరు, మందులు కావాలి. 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ పలుకుతుంది. ఫోన్ ఎత్తినవాళ్లకు గోండి భాష వస్తే ఇంకా మేలు.

మరమగ్గాల ఊరు సిరిసిల్లలో దుఃఖం కథ వేరు. సాంచాలు ఆగి, అప్పులు మీదపడి ప్రాణం తీసుకున్న నేతన్న ఇంట్లో దినాలు అయినంక చుట్టాలు పోతారు, అప్పులోళ్లు వస్తారు. ఆ ఇంటికి పోయే కౌన్సెలర్ వెంట బ్యాంకు మనిషినీ పంపండని దొరికిన ప్రతి ఆఫీసరునూ అడుగుతూనే ఉన్నా.