గంజు చల్లారువరకు

డెన్మార్కు దేశీయులు శీతకాలపు గృహజీవనమును గూర్చి మాటలాడునపుడు ‘హ్యుగ్గె’ యను నొక పదమును తఱచుగా వాడుదురు. నార్వే భాషనుండి యరువు తెచ్చుకొన్నదైనను రెండు శతాబ్దములుగా వారి నాలుకపై నలిగి వారిదే యైపోయిన యా పదమునకు ‘హాయి’ యన్నచో కొంతయు, ‘ఇంటి వెచ్చదన’మన్నచో మఱికొంతయు అర్థము చిక్కును గాని, కోపెన్‌హాగన్ నగరమున డిసెంబరు మూడవ వారమున ఉదయము ఎనిమిదిన్నర దాటినగాని పొడచూపని సూర్యుడు మధ్యాహ్నము మూడున్నర దాటగానే క్రుంకిపోవునన్న సంగతి యెఱుగనిదే దాని హృదయము బోధపడదు. అంతటి చీకటిని తిట్టుచు కూర్చుండక, వారు ఇంట క్రొవ్వొత్తులు వెలిగించి, ఉన్ని కంబళ్లు కప్పుకొని, కాఫీయు రొట్టెయు నడుమ బెట్టుకొని, ఎవరును తమ గొప్పలు చెప్పుకొనని సంభాషణలో నలుగురైదుగురు ఆప్తులతో ప్రొద్దుపుచ్చుదురు. క్రొవ్వొత్తికి వారు పెట్టుకొన్న పేరు ‘సజీవమైన వెలుగు’.

ఓరుగల్లులో అట్టి చీకటి లేదు. పదునెనిమిదవ అక్షాంశమున నున్న మన యూర మిక్కిలి చిన్న పగలు సైతము పదకొండు గంటలుండును. చలి తెల్లవాఱుజామున వడకించి, బారెడు ప్రొద్దెక్కగానే తప్పుకొనును. అయినను, 2016 ప్రాంతమున నీ డేనిష్ పదముపై ఆంగ్లమున పుస్తకములు వెల్లువగా వచ్చిన పిదప, పరిమళపు క్రొవ్వొత్తుల మోజు మా యింటికిని సోకి, యొక సాయంకాలము ఆ ప్రయోగము జరిగెను. విద్యుద్దీపముల నార్పి క్రొవ్వొత్తి వెలిగించితిమి. పుష్యమాసపు చలికైనను లొంగని దోమలు చుట్టుముట్టెను. దోమలకై పంకా వేసితిమి. పంకా గాలికి క్రొవ్వొత్తి యారిపోయెను. ఆ చీకటిలో మా యమ్మ “సర్వపిండి పెట్టాల్నా బిడ్డా?” అని యడిగినది. మేమందఱము లేచి వంటయింటిలోనికి పోతిమి.

సర్వపిండిని గిన్నప్ప యనియు, గంజుపిండి యనియు కొందఱందురు. బియ్యపుపిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, పల్లీల పలుకులు, ఉల్లి, కరివేపాకు, కారము, ఉప్పు చేర్చి నీళ్లతో ముద్ద చేసి, నూనె రాచిన గంజు, అనగా లోతైన గిన్నె, లోపల అడుగునకును ప్రక్కలకును చేతితో పలుచగా నద్ది, వ్రేలితో అక్కడక్కడ రంధ్రములు చేసి, ఆ రంధ్రములలో నూనెచుక్కలు విడిచి, మూతపెట్టి సన్నని సెగపై నుంచవలెను. సెగ హెచ్చినచో అడుగు మాడును, మీది భాగము పచ్చిగా నుండిపోవును. పొయ్యి దిగిన పిదప గంజును చన్నీటిలో నుంచి చల్లార్చినగాని రెండవదాని నద్దుట సాధ్యము కాదు, వేడి గంజులో చేయి పెట్టుటకు ఎవరికి ధైర్యము? అందుచేత గంజునకు ఒక్కటియే. ఇంట ఆఱుగురున్నచో తొలి సర్వపిండి ఆఱు తుంటలు. రెండవది దిగువరకు ఎవరును లేచి పోలేరు, పోయినవారి తుంట మిగులదు గనుక. డెన్మార్కువారు క్రొవ్వొత్తులతోను కంబళ్లతోను శ్రమించి కూర్చుకొనెడి యా తీఱికను మన గంజు తన మాంద్యముచేతనే ప్రసాదించుచున్నది. గంజులు రెండు మూడు కొని పని త్వరపెట్టిన గృహములను నేనెఱుగుదును. అచట సర్వపిండి కలదు, కూర్చుండుట లేదు.

సంక్రాంతి సమీపించినపుడు ఈ కూర్చుండుట ఒక యింటినుండి వీథికి వ్యాపించును. క్రొత్త బియ్యము నానబోసి, నీరు వడియనిచ్చి, తడిగానే పిండి పట్టించి, వాము, నువ్వులు, ఉప్పు కలిపి, శుభ్రమైన నూలుబట్ట పఱచి, దానిపై సకినములు చుట్టుదురు. ముద్ద మెత్తనైనచో చుట్టు కూలును, గట్టిదైనచో తెగును. ఆ నడిమి పదును చెప్పిన రాదు, చేతికి తెలియవలసినదే. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండి మెలికలు తిరుగుచు మూడు నాలుగు వరుసలు చక్రాకారముగా సాగుచుండగా, బట్ట తడిని కొంత పీల్చుకొనును. అటుపై పళ్లెముతో మెల్లగా నెత్తి నూనెలో విడుతురు. నేడు మా యింట, రేపు మీ యింట నని వీథిలోని స్త్రీలు పాళ్లు వేసికొని చుట్టుదురు. చేతులు పనిలో నుండుటచేత నోళ్లకు సంకోచముండదు. ఏడాది పొడవున చెప్పలేని మాట, ఎదుటివారి కన్నులలోనికి చూడనక్కఱలేని ఈ సమయమున వెలువడును. కొన్ని పాత తగవులు సకినముల బట్టపైననే సమసినవని మా వీథి పెద్దలందురు.

ఇక పఱపు, కప్పు సంగతి. ఓరుగల్లు కొత్తవాడ నేతగాండ్ర జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ యూరి తివాచీ 1851 నాటికే లండను మహాప్రదర్శనమున నిలిచినది. అయినను జంపఖానా యిచట వెలగల ప్రదర్శనవస్తువు కాదు, చల్లని బండలపై నందఱిని ఒకే యెత్తున కూర్చుండజేయు సాధనము. కప్పుకొనుటకు గొంగడి: దక్కనీ నల్లగొఱ్ఱెల యున్నిని కురుమ స్త్రీలు వడుకగా, పడుగునకు చింతగింజల గంజి పట్టించి గుంతమగ్గముపై నేసినది, క్రొత్తలో గరుకు, ఏండ్లు గడచినకొలది మృదువు, చినుకులనైనను లోనికి రానీయదు. చిన్నవారికి బొంత: నాయనమ్మ కట్టి విడిచిన చీరలు పొరలు పొరలుగా పేర్చి, నూలుతో అడ్డముగా కుట్లు వేసినది. దానిలో నెవరి చీర యెక్కడ నున్నదో వ్రేలితో చూపుచు పిల్లలు నిద్రపోవుదురు.

దీపమునకు మన పాత యిండ్లలో గోడలో గూడు కట్టుట వట్టి యలంకారము కాదు. గాలి తగులకుండుటకు అంతకంటె మేలైన యుపాయము లేదు. మా క్రొవ్వొత్తి దురవస్థ అప్పుడు నాకు దీనిని జ్ఞాపకము చేసెను. కార్తీకపు పున్నమినాడు భద్రకాళి గుడిలోను, కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభముల గుడిలోను వెలిగించు మున్నూట యఱువదియైదు వత్తుల కట్ట యటుండనిండు, ఇంట నొక ప్రమిద, ఒక గూడు చాలును. చలి కాచుకొను కుంపటి మాత్రము తలుపులు మూసిన గదిలో తగదు. బొగ్గునుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు వాసనలేని మృత్యువు. నెగడైనను వాకిటనే.

డేనిష్‌వారినుండి మనము తప్పక నేర్వవలసినదొక్కటి గలదు. వారి కూటమిలో వడ్డించువారును వడ్డింపబడువారును వేఱుగా నుండరు. గిన్నెలు కడుగుట యందఱిదియు. మన సర్వపిండి హాయి యెన్ని తరములుగనో పొయ్యివద్ద నిలిచిన స్త్రీల నడుముపై నాధారపడియున్నది. తినువారు జంపఖానాపై, చేయువారు సెగవద్ద! దీనిని పాత యాచారమని సమర్థించుట నాకిష్టము లేదు. మా యింట ఇప్పుడు రెండవ సర్వపిండి నద్దుట నా వంతు. మొదట చేయి కాలెను, రంధ్రములు వంకరలయ్యెను, ఒకటి గంజుతోబాటు పోయెను. ఇప్పుడు అమ్మ తన తుంటను కూర్చుండి తినుచున్నది.

ఈ పుష్యమున మీ పెట్టెలోనో అటకమీదనో మడతపడియున్న బొంత నొక మధ్యాహ్నము ఎండ వేయుడు. సాయంకాలమునకు గంజు తోమి పెట్టుడు, అది మీరే తోముడు.