‘వచ్చు’ కింద ‘రాలేదు’

‘వచ్చేస్తున్నారా’ అన్న మాట ఏ తెలుగు నిఘంటువులోనూ విడిగా ఉండదు. ‘రాలేదు’, ‘రమ్మన్నాడు’, ‘వద్దామనుకుంది’ కూడా అంతే. వీటన్నిటికీ గూడు ఒకటే: ‘వచ్చు’. ‘వ’తో మొదలయ్యే రూపమూ ‘ర’తో మొదలయ్యే రూపమూ ఒకే క్రియవని తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, చెవికే తెలుసు. కంప్యూటర్‌కి చెవి లేదు. ఏ రూపం ఏ మాటకు చెందుతుందో దానికి సూత్రాలుగా రాసి ఇవ్వాలి. అది గణన భాషాశాస్త్రవేత్త పని. ఆ రూపాలన్నీ ఏ మాట కింద చేరాలో, దానికి ఎన్ని అర్థాలు ఇవ్వాలో తేల్చడం నిఘంటు సంపాదకుడి పని. తెలుగు వరకు ఈ రెండు ఉద్యోగాలనూ విడదీయడం కష్టం.

నిఘంటువు పని మాటల సేకరణతో మొదలవుతుంది. ఎక్కడి మాటలు తీసుకోవాలన్న దగ్గరే పేచీ కూడా మొదలవుతుంది. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. పండితులకు జీతాలిచ్చి తాళపత్ర గ్రంథాలు పరిష్కరింపజేసిన ఆయన, కచేరీల్లోనూ బజారులోనూ వినిపించే మాటలను కూడా వదల్లేదు. తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు 1854లో వేరే పుస్తకమే వేశాడు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము (1885) కావ్యభాషకు కట్టుబడింది. పిఠాపురం మహారాజు పోషణలో తయారై, 1936లో తొలి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువుదీ అదే దారి. పండితులు ఏళ్ల తరబడి చేసిన ఆ కృషి చిన్నది కాదు. కానీ రైతు మాట, సాలె మాట అందులోకి రాలేదు. ఆ లోటు పూడ్చడానికి భద్రిరాజు కృష్ణమూర్తి పుస్తకాలు పక్కన పెట్టి ఊళ్ల బాట పట్టారు. జిల్లాల వారీగా అడిగి రాసుకున్న వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వచ్చాయి. ఒకే పనిముట్టుకు ఒక్కో జిల్లాలో ఒక్కో పేరుంటే దేన్ని ముందు పెట్టాలన్నది తెలుగు నిఘంటుకర్తలకు అప్పుడు గట్టిగా ఎదురైన ప్రశ్న.

కార్డులూ కాగితం చీటీలూ ఉన్న చోటికి తర్వాత కార్పస్ వచ్చింది. కార్పస్ అంటే కంప్యూటర్ చదవగలిగేలా పోగుచేసిన వాడుక భాష. 1961లో అచ్చయిన ఇంగ్లీషు రచనల నుంచి దాదాపు రెండేసి వేల మాటల చొప్పున 500 భాగాలు తీసి కట్టిన పది లక్షల మాటల బ్రౌన్ కార్పస్ ఈ రంగంలో తొలి మైలురాయి. (ఈ బ్రౌన్ మన బ్రౌన్ కాదు, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం.) పూర్తిగా కార్పస్ మీద ఆధారపడిన కోబిల్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1987లో వచ్చింది. తెలుగులో ఈ పోగుచేయడానికే ప్రత్యేకమైన చిక్కుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, పత్రికలూ ముద్రణాలయాలూ చాలాకాలం సొంత ఫాంట్లతోనే నడిచాయి. ఆ ఫైళ్లలో తెరమీద కనిపించేది తెలుగే, లోపల ఉన్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి.

మార్చాక మాటల్ని విడగొట్టాలి. ‘రాముడొచ్చాడు’లో ఖాళీ లేదు గానీ మాటలు రెండు. ‘చేయవలసి ఉంది’, ‘చేయవలసివుంది’, ‘చేయాల్సుంది’ మూడూ ఒకటే. ఏ భాషలోనైనా పెద్ద కార్పస్‌లో కనిపించే వేర్వేరు రూపాల్లో సుమారు సగం ఒక్కసారే వస్తాయి. ప్రత్యయం మీద ప్రత్యయం చేరే తెలుగులో ఈ ఒంటరి రూపాల బెడద మరీ ఎక్కువ. అందుకే లెక్క కట్టే ముందు ప్రతి రూపాన్నీ దాని ప్రధాన పదానికి కట్టే పదరూప విశ్లేషిణి కావాలి. ‘రావచ్చు’ దానికి మంచి పరీక్ష, ఎందుకంటే అందులో ‘వచ్చు’ అన్న క్రియే రెండుసార్లు వచ్చి కూర్చుంది. ‘రాయి’ ఇంకో పరీక్ష: గోడకు పెట్టేదా, కలంతో చేసేదా? ‘అడుగు’ అయితే నాలుగు విధాలు: వేసేది, కొలిచేది, గిన్నెకు ఉండేది, నోటితో చేసేది.

అసలు సంపాదకత్వం ఇక్కడి నుంచే. ‘పట్టు’ తీసుకుంటే చాలు. చీర పట్టుకు వేరే ప్రధాన పదమే కావాలి, అందులో పేచీ లేదు. క్రియ సంగతే తెగదు. చేపలు పట్టాడు, గొడుగు పట్టాడు, నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, గంట పట్టింది. కార్పస్‌లో ఆ క్రియ వచ్చిన వాక్యాలన్నీ వరసగా పేర్చి, మాటను నడుమ పెట్టి చూపించే పట్టికను కంకార్డెన్సు అంటారు. ఇంగ్లీషు క్రియ అర్థం చాలావరకు కుడిపక్క మాటలో తేలుతుంది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి పట్టికను ఎడమపక్క మాట ప్రకారం అమర్చాలి. అప్పుడు తుప్పు, బూజు, చెమట ఒక చోట చేరతాయి. వాటిలో చేసేవాడు లేడు, పట్టేది తనంతట తానే పడుతుంది. నిద్ర కూడా అటువైపే, కానీ ‘నాకు’ అన్న మాటను వెంట తెస్తుంది. గంట, నెల, ఏడాది ఇంకో గుంపు. గుంపులు యంత్రం కడుతుంది. నిద్రకూ తుప్పుకూ ఒకే అంకె ఇవ్వాలా, రెండు ఇవ్వాలా అన్నది మాత్రం సంపాదకుడు తేల్చాలి. ఆ తీర్పులో ఇద్దరు నిపుణులు ఏకీభవించకపోవడం మామూలే. అర్థాలు మరీ చీలిస్తే చదివేవాడు తప్పిపోతాడు, చీల్చకపోతే ‘పట్టు: గ్రహించు’ అని రాసి చేతులు దులుపుకున్నట్టవుతుంది.

ఈ పని నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో చోట్లున్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ఉంది, ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికతల పరిశోధన కేంద్రం ఉంది. ఒక భారతీయ భాషలోని పాఠాన్ని మరో భారతీయ భాషలో చదువుకోగలిగేలా చేయాలని, పాణిని కారక విధానాన్ని ఆధారంగా తీసుకున్న అనుసారక పథకంలో తెలుగు నుంచి హిందీకి దారి కూడా వేశారు. దానికి పదరూప విశ్లేషిణీ కావాలి, నిఘంటువూ కావాలి. వచ్చేవాడికి ప్రోగ్రామింగ్ ఎంత అవసరమో, ప్రబంధంలో సంధులు విడదీయగలగడమూ పొలంగట్టు మీద మాట వినగలగడమూ అంతే అవసరం. ఆ మూడూ ఒకరిలో దొరకడం అరుదు కనుక ఈ పని జట్టుగానే సాగుతుంది.

అర్థాలు తేలి, ఉదాహరణలు కుదిరాక మిగిలేది వరస. బడి పిల్లల అక్షరమాలలో సున్న ‘ఔ’ తర్వాత వస్తుంది. యూనికోడ్ పట్టికలో ‘అ’ కంటే ముందే ఉంది. కంప్యూటర్‌ని దాని మానాన వదిలేస్తే ‘కంచం’ ‘కడవ’ కంటే ముందుకొస్తుంది, బడి లెక్క ప్రకారమైతే ‘కౌలు’ దాటాక గానీ రాదు. ఏ వరస పాటించారో సంపాదకుడు పీఠికలో చెబుతాడు, ప్రోగ్రామర్ దాన్నే సూత్రంగా రాస్తాడు, ఆ తర్వాత పుస్తకం అచ్చుకు వెళుతుంది.