రెండు వేళ్లకు కట్టిన బాణీ

గిటార్ నేర్చుకునే కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది వేగం గురించే. వాళ్లకు నేను డికీ బెట్స్ పేరు చెబుతాను. అమెరికాలో సదరన్ రాక్‌కు బాట వేసిన ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్‌లో ఆయన్ని రెండో గిటారిస్టుగా లెక్కేస్తుంటారు. ఆ లెక్క నాకు మింగుడు పడదు.

ఆయన 1943లో ఫ్లోరిడాలో పుట్టారు. తండ్రి ఫిడేలు వాయించేవారు. పిల్లవాడు ఐదేళ్లకే ఉకులేలే పట్టాడు, తర్వాత మాండొలిన్, బ్యాంజో. ఆ పల్లె బాణీల తీపి ఆయన రాక్‌లోనూ పోలేదు. ‘బ్లూ స్కై’లో ఆయన గిటార్ ఎక్కువగా తిరిగేది స రి గ ప ద మీదే, మోహన రాగం ఎరిగిన చెవికి అది కొత్తగా అనిపించదు.

బ్యాండ్ 1969లో మొదలైంది. పక్కన డ్వేన్ ఆల్‌మన్ అంతటి వాద్యకారుడు. ఒకరు సోలో వాయిస్తే ఇంకొకరు వెనక కార్డ్స్ వేయడం మామూలు పద్ధతి. వీళ్లు ఒకే బాణీని ఇద్దరూ ఎత్తుకున్నారు, ఒక గిటార్ షడ్జమం మీద ఉంటే ఇంకోటి గాంధారం మీద. 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో రికార్డయిన ‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’ వింటే ఆ జోడీ గొప్పతనం తెలుస్తుంది. కట్టింది బెట్స్. పేరు మాత్రం జార్జియాలోని మేకన్ శ్మశానంలో ఒక సమాధి రాయి మీద దొరికింది.

ఆ అక్టోబరులోనే డ్వేన్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయారు. వయసు 24. ఆ తర్వాత బ్యాండ్‌ను నిలబెట్టినవాటిలో బెట్స్ పాటలది పెద్ద వాటా అని నా నమ్మకం. 1973లో ఆయన రాసి పాడిన ‘ర్యాంబ్లిన్ మ్యాన్’ బిల్‌బోర్డ్‌లో 2వ స్థానానికి చేరింది. బ్యాండ్‌కు అంత పెద్ద హిట్ మళ్లీ రాలేదు.

ఆ పాట ఉన్న ఆల్బమ్‌లోనే మాటల్లేని ‘జెస్సికా’ ఉంది. జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ చెయ్యి కాలి, ఎడమచేతి రెండు వేళ్లు సరిగా పనిచేయకపోయినా మిగతా రెండింటితో అద్భుతాలు చేశారు. ఆయన మీద గౌరవంతో బెట్స్ రెండు వేళ్లతోనే పలికే బాణీ కట్టారు. అందులోకి ఉల్లాసం తెచ్చింది పసిబిడ్డగా ఉన్న ఆయన కూతురు జెస్సికా. పేరూ ఆమెదే. 1996లో దాని లైవ్ రికార్డింగ్‌కు గ్రామీ వచ్చింది.

2000లో బెట్స్‌కు బ్యాండ్‌తో బంధం తెగిపోయింది. 2024 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు.

గిటార్ పట్టిన పిల్లలకు నా మనవి ఒక్కటే. ‘జెస్సికా’ను ముందు నోటితో పాడుకోండి. తడబడకుండా పాడగలిగాకే తీగ మీద వేలు పెట్టండి.