జీరో బల్బులో మూడో వంతు

పడగ్గదిలో రాత్రంతా వెలిగే పాత జీరో బల్బు గుర్తుందా? పేరుకే జీరో, తినేది మాత్రం పన్నెండు పదిహేను వాట్లు. అందులో మూడో వంతు, అంటే 5 వాట్లు, ఒక రాగి తీగలోకి పంపి వెయ్యి కిలోమీటర్ల అవతల కూర్చున్న మనిషిని పలకరించే సరదా ఒకటుంది. హ్యామ్ రేడియో వాళ్లు దాన్ని క్యూఆర్‌పీ అంటారు. ఓడల మీది వైర్‌లెస్ ఆపరేటర్ల నాటి నుంచి వస్తున్న క్యూ కోడ్‌లో ఈ మూడక్షరాలకు ‘పవర్ తగ్గించు’ అని అర్థం. పక్కన ప్రశ్నార్థకం పెడితే ‘తగ్గించమంటారా?’ అని. మోర్స్‌లో అయితే 5 వాట్లు, గొంతుతో మాట్లాడితే గరిష్ఠంగా 10. చాలామంది హ్యామ్‌లు ఒప్పుకున్న గీత ఇదే.

మన దేశంలో జనరల్ గ్రేడ్ లైసెన్సు ఉన్నవాళ్లు 400 వాట్ల దాకా వాడవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు 50. అంత అనుమతి చేతిలో పెట్టుకుని 5 దగ్గర ఆగడం, పెళ్లి భోజనానికి వెళ్లి మజ్జిగ తాగి వచ్చినట్టు అనిపిస్తుంది. లెక్క చూస్తే అలా అనిపించదు.

రేడియోలో సిగ్నల్ బలాన్ని ఎస్ యూనిట్లనే మెట్లతో కొలుస్తారు. ఒక మెట్టు పైకెక్కాలంటే పవర్ నాలుగింతలు కావాలి. 100 వాట్లను నాలుగో వంతు చేస్తే 25. మళ్లీ నాలుగో వంతు చేస్తే ఆరు చిల్లర. అంటే 100 వాట్ల వాడికీ 5 వాట్ల వాడికీ మధ్య తేడా రెండు మెట్ల పైన ఇంకాస్త, అంతే. అవతలివాడికి అతను ఏడో మెట్టు మీద వినిపిస్తే మనం అయిదో మెట్టుకు కాస్త కింద వినిపిస్తాం. గోల తక్కువగా ఉన్న రాత్రి ఆ మెట్టు ధారాళంగా సరిపోతుంది. ఇరవై రెట్ల పవర్ కోసం పెద్ద పెట్టె, పెద్ద పవర్ సప్లై, పెద్ద బిల్లు పెట్టుకుని సంపాదించేది ఈ రెండు మెట్లే. నన్నడిగితే ఆ డబ్బుతో తీగ కొనుక్కోవడం మేలు.

తీగ అంటే యాంటెన్నా. 300ని మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 7 మెగాహెర్ట్జ్‌కు అది దాదాపు 43 మీటర్లు, వాడుకలో ‘నలభై మీటర్ల బ్యాండ్’. అందులో సగం పొడవు తీగను నడిమికి తెంచి, తెంచిన చోట కేబుల్ కలిపితే డైపోల్ తయారు. చెయ్యి ఒక్కంటికి పది మీటర్ల పైచిలుకు. ఇంటి వైరింగ్ తీగ పనికొస్తుంది. కేబుల్ టీవీ వాళ్లు వదిలేసిపోయిన 75 ఓమ్‌ల వైరు కూడా, పుస్తకాలు 50 ఓమ్‌లది వాడమన్నా, ఈ పనికి బాగానే ఒదుగుతుంది. డాబా మీద బట్టలారేసే దండెం కంటే కాస్త ఎత్తున, నాలుగైదు మీటర్ల దగ్గర కడితే శక్తిలో ఎక్కువ భాగం నిట్టనిలువుగా పైకి పోతుంది. పైనున్న అయనోస్ఫియర్ దాన్ని గొడుగులా కిందికి వంచి చుట్టుపక్కల మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర చల్లుతుంది. పగలు హైదరాబాద్ నుంచి విజయవాడకు ఇదే దారి. చీకటి పడ్డాక కింది పొర మాయమవుతుంది, పై పొర ఒక్కటే మిగులుతుంది, అదే తీగ వేల కిలోమీటర్లు దూకిస్తుంది. పక్కింటి పెద్దాయన ఆ తీగ చూసి ‘ఇదేం కనెక్షన్ బాబూ, నెలకెంత?’ అని అడిగాడు. ఉచితం అంటే నమ్మలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. కరెంటు తీగలకు దగ్గరగా యాంటెన్నా విసరకూడదు. ఉరుముల వేళ కేబుల్ పీకి పక్కన పెట్టాలి.

ఇక పెట్టె. మోర్స్ ట్రాన్స్‌మిటర్ అంటే క్రిస్టల్ చుట్టూ ఊగే ఒక ట్రాన్సిస్టర్, ఆ ఊపును పెంచే ఇంకో ట్రాన్సిస్టర్ లేదా రెండు, చివర అనవసరపు హార్మోనిక్స్‌ను వడకట్టే ఫిల్టర్. ఇంజినీరింగ్‌లో ఈసీఈ చదివిన ఎవరి డబ్బాలోనైనా డీటీఎంఎఫ్ ప్రాజెక్టు నుంచి మిగిలిన 3.579545 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒకటి ఉంటుంది. అమెరికా కలర్ టీవీల కోసం కోట్లలో తయారైన ఆ ముక్క అదృష్టవశాత్తూ ఎనభై మీటర్ల హ్యామ్ బ్యాండ్‌లో పడుతుంది. మిషిగన్ మైటీ మైట్ అనే ఒక్క ట్రాన్సిస్టర్ ట్రాన్స్‌మిటర్ దాని పుణ్యమే. 1976లో డగ్ డెమా అనే అమెరికన్ హ్యామ్, ట్యూనా చేప డబ్బా మీద రెండు ట్రాన్సిస్టర్ల ట్రాన్స్‌మిటర్ కట్టి చూపిస్తే ప్రపంచమంతా డబ్బాలు ఖాళీ చేసింది. ఇంగ్లండ్‌లో 1974లో జార్జ్ డాబ్స్ అనే ఆంగ్లికన్ పాదిరీ జీ-క్యూఆర్‌పీ క్లబ్ పెట్టాడు. ఆ క్లబ్ పత్రిక ‘స్ప్రాట్’. ఇలాంటి సర్క్యూట్లకు అది పుట్టిల్లు.

కట్టడానికి పీసీబీ గీయించుకోనక్కర్లేదు. రాగి పూత ఉన్న ఖాళీ బోర్డు నేలగా పరిచి, అదే బోర్డు నుంచి చిన్న చిన్న చదరాలు కత్తిరించి ఫెవిక్విక్‌తో అంటిస్తే ఒక్కో చదరం ఒక్కో జంక్షన్. పైనుంచి చూస్తే ఎత్తయిన మేడల నగరంలా ఉంటుందని దీనికి మన్‌హట్టన్ పద్ధతి అని పేరు. కాయిళ్లకు మోటారు వైండింగ్ షాపులో తీగ, మిగతా సరుకుకు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ. మొదటిది కట్టిన రోజు నేను యాంటెన్నా తగిలించడం మరిచి కీ నొక్కాను. చివరి ట్రాన్సిస్టర్ చిన్న పొగ, చెడ్డ వాసన వదిలి వెళ్లిపోయింది. అప్పటి నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు జత కట్టి, ఉత్తుత్తి యాంటెన్నాగా బల్ల మీదే ఉంచుకుంటున్నాను.

రిసీవర్ ఇంకా ముద్దొస్తుంది. గాలిలో నుంచి వచ్చిన 7.0300 మెగాహెర్ట్జ్‌ను మన దగ్గర పుట్టించిన 7.0293తో కలిపితే తేడా 700 హెర్ట్జ్. ఆ తేడానే చెవికి ఈలలా వినిపిస్తుంది. దాన్ని ఎల్ఎం386 చిప్‌తో పెంచి ఇయర్‌ఫోన్‌కిస్తే సరి.

మాటల రేడియో ఇంత తేలిక కాదనేవారు. ఆ మాటను తిప్పికొట్టింది హైదరాబాదే. లామకాన్ అనే సాంస్కృతిక వేదిక వ్యవస్థాపకుల్లో ఒకరిగా నగరానికి తెలిసిన అష్హర్ ఫర్హాన్ 2000ల తొలి ఏళ్లలో బిట్‌ఎక్స్ అనే 6 వాట్ల, 14 మెగాహెర్ట్జ్ సర్క్యూట్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. అందులోని ఆంప్లిఫయర్లు రెండు దిక్కులా పనిచేస్తాయి. వినేటప్పుడు అటు నుంచి ఇటు, మాట్లాడేటప్పుడు ఇటు నుంచి అటు. రెండు పెట్టెల పని ఒక పెట్టెలో. కాయిల్ చుట్టడానికి విదేశీ టొరాయిడ్ దొరక్కపోతే కుళాయి వాషర్ మీద చుట్టమన్నాడు! మన వీధి హార్డ్‌వేర్ షాపును దృష్టిలో పెట్టుకుని రాసిన రేడియో డిజైన్ నేను ఇంకొకటి చూడలేదు. దాని తరవాతి రూపాలు కిట్లుగా హైదరాబాద్ నుంచే దేశదేశాలకు వెళ్లాయి. వాటి కాయిళ్లు చుట్టింది ఇక్కడి ఆడవాళ్లే.

అయినా క్యూఆర్‌పీకి ప్రాణం మోర్సే. మనిషి గొంతు రేడియోలో రెండున్నర వేల హెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది, మోర్స్ ఈలకు నూటయాభై చాలు. అదే 5 వాట్లు సన్నటి ధారలో పడతాయి. వినేవాడు కూడా అంత సన్నటి కిటికీయే తెరుచుకుంటాడు కాబట్టి బయటి గోల లోపలికి రాదు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్షకు మోర్స్ అక్కర్లేదు, పన్నెండేళ్లు నిండితే రాయవచ్చు. జనరల్‌కు మాత్రం నిమిషానికి 8 మాటల వేగం కావాలి. చాలామంది అక్కడే బెదిరిపోతారు.

తెలుగు పద్యం చదువుకున్నవాళ్లు బెదరనక్కర్లేదు. మోర్స్‌లో పొట్టి కూత డిట్, పొడుగు కూత డా. డిట్‌ను లఘువనీ డా‌ను గురువనీ అనుకోండి. యమాతారాజభానసలగం గుర్తుందా? ఎనిమిది మూడక్షరాల గణాలు. మోర్స్‌లో మూడు గుర్తులున్న అక్షరాలు కూడా సరిగ్గా ఎనిమిదే. య గణం డబ్ల్యూ, మ గణం ఓ, త గణం జి, ర గణం కె, జ గణం ఆర్, భ గణం డి, న గణం ఎస్, స గణం యూ. ఆపదలో పంపే ఎస్‌ఓఎస్ అంటే నగణ, మగణ, నగణాలు ఒకే ఊపులో. ‘ఇక నువ్వు చెప్పు’ అనడానికి చివర కె కొడతారు, అంటే ర గణం. ‘అందింది’ అనడానికి ఆర్, జ గణం. మన దేశపు హ్యామ్‌ల గుర్తింపు పేర్లు, అంటే కాల్ సైన్లు, సాధారణంగా వీయూతో మొదలవుతాయి. వి అంటే నగణం, వెనక ఒక గురువు; యూ అంటే సగణం. ఒక్క తేడా ఉంది. గురువుకు రెండు మాత్రలు, డాకు మూడు డిట్‌ల కాలం. ఆ మూడో మాత్ర దగ్గర మొదట్లో నా చెయ్యి తడబడేది.

చుక్కలూ గీతలూ కాగితం మీద చూసి నేర్చుకుంటే మాత్రం పని చెడుతుంది. పద్యాన్ని గణవిభజన చేసి వినం కదా, నడక వింటాం. నిమిషానికి 12 మాటల వేగంలో ఒక్క డిట్ సెకనులో పదో వంతు. లెక్కపెట్టే వ్యవధి ఎక్కడిది? ‘డా-డిట్-డా-డిట్ డా-డా-డిట్-డా’ అని వినగానే అది సీక్యూ, ఎవరైనా ఉన్నారా అన్న పిలుపు, అని చెవి పట్టేయాలి. నెలా రెండు నెలలు రోజుకో పావుగంట కూర్చుంటే పట్టేస్తుంది.

ఓపిక లేనివాళ్లకు కంప్యూటరుంది. పల్సార్ల పరిశోధనకు 1993లో నోబెల్ అందుకున్న జో టేలర్ రాసిన డబ్ల్యూఎస్‌పీఆర్ ప్రోగ్రామ్ వాటులో అయిదో వంతు సిగ్నల్‌ను కూడా ఖండాలు దాటిస్తుంది. గొప్ప పనే. కాకపోతే అక్కడ వినేది యంత్రం, నాకు చేపల మార్కెట్‌లో చేప కొన్నట్టుంటుంది.

హ్యామ్‌ల గురించి రాసినప్పుడల్లా విపత్తు కథ చెప్పడం ఆనవాయితీ. 2004 సునామీ వేళ హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండి కబుర్లు అందించింది. అది నిజమైన సేవ. కానీ విపత్తులో 5 వాట్లనే నమ్ముకోమని నేను చెప్పను, చేతిలో ఎంతుంటే అంత వాడాలి. చిన్న రేడియో అలవాటైనవాడికి ఒక వెసులుబాటు మాత్రం ఉంటుంది. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల బ్యాటరీతో, ఒక తీగతో ఎక్కడైనా కూర్చుని పని మొదలుపెట్టగలడు.

మా వీధిలో నాకు అచ్చొచ్చే వేళ కరెంటు పోయే వేళే. చవక ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు అన్నీ కలిసి నలభై మీటర్ల బ్యాండ్ నిండా గీరుమనే గోల పోస్తుంటాయి. మొన్న వానాకాలం ఒక రాత్రి, ఉరుములు వెనకబడ్డాక, పదకొండింటికి సరఫరా ఆగింది. కేబుల్ మళ్లీ తగిలించాను. ఇయర్‌ఫోన్‌లో గోల తెర దించినట్టు పడిపోయింది. దాని వెనకాల 7.030 దగ్గర సన్నటి ఈల ఒకటి సీక్యూ కొడుతోంది. తిరువనంతపురం. నా కాల్ సైన్ రెండుసార్లు కొట్టాను. ప్రశ్నార్థకం వచ్చింది. మళ్లీ కొట్టాను. ఈసారి నా అక్షరాలన్నీ సరిగ్గా తిరిగొచ్చాయి, వెనకే రిపోర్టు 449, అంటే సిగ్నల్ ఓ మోస్తరుగానే ఉంది కానీ దాదాపు ఇబ్బంది లేకుండా అర్థమవుతోంది అని. నేను పవర్ 5 వాట్లని చెప్పాను. ఆయన 3 అన్నాడు. పేరు చెప్పుకున్నాం, వాన సంగతి చెప్పుకున్నాం. ఆయన యాంటెన్నా ఏమిటో కొడుతున్నాడు, ‘కొబ్బరి’ దాకా అర్థమైంది. ఫ్యాను తిరిగింది, వీధంతా వెలిగింది, ఈల గోలలో మునిగిపోయింది.