నోరున్న వీణ
కురవిలో మా ఇంట్లో పి. సుశీల హిట్స్ సీడీ మళ్ళీ విన్నాను. ‘డాక్టర్ చక్రవర్తి’ (1964)లోని వీణ పాట దగ్గర ఆగిపోయాను. ఆ సినిమాకు ఆధారం కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’. పాట మాత్రం ఆత్రేయది. ప్రియుడు లేనిదే ఆమె వీణకు నోరు పెగలదట! స్త్రీ రాసిన కథ తెరకెక్కాక, ఆడగొంతులో ఈ ఎదురుచూపును పెట్టింది పురుష కవే.

నాట్లేస్తూ తన పాట తానే కట్టుకునే అమ్మ, ఇంటికొచ్చి ఈ పాటనే కూనిరాగం తీస్తుంటే నాకు కోపం వచ్చేది. ఇప్పుడు అర్థమవుతోంది. మాటలేమో నోరు లేదంటాయి. సుశీల గొంతేమో ఎవరి రాక కోసమూ ఆగకుండా, ఒంటరిగానే నిండుగా మోగుతుంది. అమ్మ విన్నది ఆ గొంతునే. నేనే ఇన్నాళ్ళూ మాటల దగ్గర ఆగిపోయాను.