రేడియో నాటకము - తన్ను దాను కోల్పోవు భయము

రంగస్థలముపై నటుడు నోరు విప్పకముందే ప్రేక్షకుడు అతని నెవరో పోల్చుకొనును. రేడియో నాటకమున ఆ సదుపాయము లేదు. అచట పాత్రకు గొంతు కలదు, ఆ గొంతు చెప్పుకొను పేరు కలదు. అంతకుమించి యేమియు లేదు. ఈ కొరతనే బలముగా మలచుకొన్న నాటకము అమెరికా రచయిత్రి లూసిల్ ఫ్లెచర్ రచించిన 'ది హిచ్-హైకర్'. ఇది ఆర్సన్ వెల్స్ ప్రధానపాత్రధారిగా 1941లో తొలిసారి ప్రసారమై, 1942లో సి.బి.యస్. వారి 'సస్పెన్స్' కార్యక్రమమున మరల వినిపింపబడినది. దీనికి సంగీతము కూర్చినవాడు బెర్నార్డ్ హెర్మన్.

కథ స్వల్పము. రోనాల్డ్ ఆడమ్స్ అనునతడు బ్రూక్లిన్‌లో తల్లికడ సెలవు పుచ్చుకొని కారులో కాలిఫోర్నియాకు బయలుదేరును. బ్రూక్లిన్ వంతెనపై నొక మనుష్యుడు అడ్డువచ్చును. అటుపై నెంత వేగముగా పోయినను ఆ మనుష్యుడే బండి నాపుమని సైగచేయుచు ముందు నిలిచియుండును. ఆరు దినములు గడచిన పిమ్మట న్యూమెక్సికోలోని గేలప్ సమీపమునుండి ఆడమ్స్ ఇంటికి టెలిఫోను చేయును. ఎరుగని స్త్రీ యొకతె పలికి, ఆరు దినముల క్రిందట వంతెనపై ప్రమాదమున పెద్దకొడుకు రోనాల్డ్ మరణించెననియు, తల్లి ఆసుపత్రిలో నున్నదనియు చెప్పును.

దీనిని దయ్యపు కథ యని త్రోసిపుచ్చుట న్యాయము గాదు. నాటకారంభమున ఆడమ్స్ తన పేరు, వయస్సు, పుట్టినయూరు, కారు నంబరు వరుసగా ఏకరువు పెట్టును. తొలిసారి విన్నపుడు అది పాత్రపరిచయముగా తోచును. కథ తెలిసి మరల విన్నచో, సాక్షులు లేనివాడు న్యాయస్థానమున చెప్పుకొను వాఙ్మూలమువలె వినబడును. టెలిఫోను కడ అతడు కోరినదెల్ల తల్లి తన్ను పేరుపెట్టి పిలుచుటయే. మూడు నిమిషముల గడువు తీరినదను మాటతో ఆ దారమును తెగిపోవును.

ముగింపును సగములోనే ఊహింపవచ్చునను ఆక్షేపణ కలదు. అది కొంత నిజమే. అయినను ఊహించిన శ్రోతను సయితము ఆ తొలి ఏకరువు వెంటాడును.

1960లో రాడ్ సెర్లింగ్ ఈ కథను 'ది ట్విలైట్ జోన్' అను టెలివిజన్ కార్యక్రమమునకు మార్చి, నాయకుని స్థానమున నాన్ ఆడమ్స్ అను యువతిని నిలిపెను. ఇంగర్ స్టీవెన్స్ నటన మెచ్చదగినదే. కాని ముఖము కన్నులయెదుట నుండగా, ఈమె కలదా లేదా యను సందేహము అంత గాఢముగా కలుగదు.

పరరాష్ట్రములందు తరతరములుగా నున్న మనకు ఈ నాటకము దూరమైనది గాదు. తెలుగు మాటలాడియు చదువనేరని పిల్లలున్న యిండ్లు మనలో కలవు. పత్రములందు ఇంటిపేరు వ్రాయు నలవాటు తప్పిన కుటుంబములును కలవు. అట్టిచోట భాషయు గొంతుగానే నిలిచియున్నది. దానికి బదులు పలుకు గొంతు ఇంటిలో నుండవలెను. ఆడమ్స్ చెప్పుకొన్న వివరము లన్నియు సరిగానే యున్నవి. అతనిని పేరుపెట్టి పిలుచుటకే ఇంట నెవరును లేకపోయిరి.